పూతరేకు విరుగుతుంది, తాండ్ర వంగుతుంది: మామిడి జీడితో ఇంట్లో బయోప్లాస్టిక్ చేసుకునే పద్ధతి

ఆత్రేయపురం పూతరేకుని ఎప్పుడైనా వెలుగుకి అడ్డంగా పట్టి చూశారా? వెనకాల ఉన్న వేలు కనిపిస్తుంది, అంత పల్చన. కింద మంట పెట్టిన కుండని బోర్లించి, నీళ్ల లాంటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి దాని మీద ఒక్కసారి లాగితే చాలు, రెప్పపాటులో పొర కట్టేస్తుంది. తినే వస్తువు కాబట్టి స్వీటు అంటున్నాం గానీ, చేసే పద్ధతి చూస్తే అది అచ్చంగా స్టార్చ్ ఫిల్మే, అంటే పిండి పదార్థంతో కట్టిన పల్చటి పొర. కాకపోతే పట్టుకుంటే విరుగుతుంది, తేమ తగిలితే మెత్తబడి చేతికి అంటుకుంటుంది. అదే మామిడి తాండ్ర తీసుకోండి, అదీ చాప మీద పోసి ఆరబెట్టిన పొరే, కానీ వంగుతుంది, మడిచినా విరగదు, ఎందుకంటే అందులో ఉన్న చక్కెరలు కొంచెం తడిని పట్టి ఉంచుతాయి, ఆ తడి వల్ల లోపలి పోగులు ఒకదాని మీద ఒకటి జారుతూ ఉంటాయి. ఇంట్లో బయోప్లాస్టిక్ (మొక్కల పిండి లాంటి వాటితో చేసే ప్లాస్టిక్) చేయడమంటే, పూతరేకుని తాండ్రలాగా వంగేట్టు చేయడం, అంతే. చక్కెర బదులు గ్లిజరిన్ అనే చిక్కటి తియ్యటి ద్రవం వేస్తాం.

ఇక ముడిసరుకు సంగతి. నెట్‌లో ఈ పని చూపించే వీడియోలు చాలావరకు మొక్కజొన్న పిండి డబ్బా మూత తీయడంతో మొదలవుతాయి. దాంతో బాగానే వస్తుంది, కాదనను. కానీ మొక్కజొన్న ఇప్పటికే కోళ్ల దాణాకి పోతోంది, ఇథనాల్ ఫ్యాక్టరీలకి పోతోంది, దానికి తోడు సంచులకి కూడా పోతే ఎలా? తిరుమలలో 2021 ఆగస్టులో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో సాయంతో లడ్డూలకి ప్రత్యేకంగా సంచులు తెచ్చారు కదా, అవీ మొక్కజొన్న పిండితో చేసినవేనని అప్పట్లో వార్తల్లో వచ్చింది. మంచి పనే. కానీ పొలంలో పండించిన తిండిని, ఒక గంట వాడి పారేసే సంచిగా మార్చడం నాకైతే మింగుడు పడదు.

అందుకని నేను ఏ ముడిసరుకునైనా మూడు విషయాల్లో చూస్తాను. ఇప్పటికే ఎక్కడో కుప్పగా పడి ఉందా? దాన్ని ఎవరైనా తింటున్నారా, పశువులకి వేస్తున్నారా? అందులోంచి మనకి కావలసింది బయటికి తీయడానికి ఎంత మందు, ఎంత మంట కావాలి? వరిగడ్డి, పత్తి కట్టె మొదటి పరీక్షలో హాయిగా గట్టెక్కుతాయి, మూడో దాంట్లో బోల్తా పడతాయి, ఎందుకంటే వాటిలోని సెల్యులోజ్ (మనకి కావలసిన పీచు) లిగ్నిన్ అనే గట్టి పదార్థంతో బిగుసుకుపోయి ఉంటుంది, విడదీయాలంటే కాస్టిక్ సోడాలో ఉడికించాలి, అది వంటింటి పని కాదు. చెరకు పిప్పి పళ్లేలు అంటారా, అవి పిప్పి గుజ్జుని అచ్చులో నొక్కి చేసేవి, ప్లాస్టిక్ కాదు. మూడు పరీక్షల్లోనూ నెగ్గింది, నాకు తెలిసినంతలో, మామిడి జీడి, అంటే టెంక లోపలి గింజ.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. జీడిని ఎవరూ తినరు అనడం తప్పు. మన్యంలో టెంకల్లోని జీడి ఎండబెట్టి, వగరు పోయేదాకా నానబెట్టి, అంబలి కాచుకునే ఇళ్లు ఉన్నాయి. జీడి నుంచి తీసిన కొవ్వుని చాక్లెట్లలో కోకో వెన్న స్థానంలో కొంత వాడుకోవచ్చని యూరప్ చట్టాలు కూడా ఒప్పుకుంటాయి. అంటే ఇది ఉత్త చెత్త కాదు. కానీ ఆవకాయ రోజుల్లో మన బజార్లలో, జ్యూస్ బళ్ల వెనకాల, చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల బయట పడి ఉండేది మాత్రం ఎవరి నోటికీ పోదు. ఆ కుప్పలోంచే తీసుకోండి.

జీడి ఎక్కడ, ఎప్పుడు

అన్నిటికన్నా సులువైన చోటు ఆవకాయ కాయ కొట్టే దగ్గర. ఏప్రిల్, మే నెలల్లో రైతుబజారులోనో మామిడికాయల అంగడి పక్కనో పెద్ద కత్తిపీట పెట్టుకుని డజన్ల లెక్కన కాయలు కొట్టేవాళ్లు ఉంటారు చూడండి, వాళ్లు ముక్కకి టెంక ఉంచి లోపలి జీడిని తీసి పక్కన పడేస్తారు. అంటే ఈ పనిలో అతి కష్టమైన భాగం, టెంక పగలగొట్టడం, మీకు ఊరికే అయిపోయినట్టే. ఒక సంచీ ఇచ్చి సాయంత్రం వస్తానని చెప్పండి, సంతోషంగా నింపి ఇస్తారు, ఊడ్చుకునే బాధ తప్పుతుంది వాళ్లకి. పచ్చికాయ జీడిలో పిండి పండు జీడిలో కన్నా కాస్త తక్కువే వచ్చింది నాకు, అయినా ఆ శ్రమ తప్పినందుకు ఇదే మేలు.

జూన్, జులైలో అయితే పండు టెంకలు. కలెక్టర్ కాయ (తోతాపురి) టెంకలైతే గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర, రసాల టెంకలైతే ప్రతి ఇంటి చెత్తబుట్టలో. పీచు కడిగేసి మూడు నాలుగు రోజులు ఎండలో పెడితే పైచిప్ప కొంచెం నోరు విప్పుతుంది, అప్పుడు టెంకని నిలబెట్టి అంచు మీద సుత్తితో కొట్టండి. పడుకోబెట్టి కొడితే జీడి కూడా నుజ్జవుతుంది. తెరిచాక లోపల నల్లటి పొడి, పురుగు కనిపిస్తే అది టెంక పురుగు, పారేయండి. మొలక వచ్చినది కూడా వద్దు, మొలకెత్తేటప్పుడు గింజ తన పిండిని చక్కెరగా మార్చుకుని వాడేసుకుంటుంది. వానలో తడిసి బూజు పట్టినవి అసలు ముట్టుకోకండి.

పిండి తీయడం

సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లు చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కర్రపెండలం నూరి, నీళ్లలో కలిపి, వడగట్టి, తొట్టెల్లో తేరనిస్తారు, అడుగున తెల్లటి పిండి దిగుతుంది. మనదీ అదే వరస, ఒక్క తేడా తప్ప. జీడిలో వగరు ఉంటుంది, అంటే టానిన్లు. గాలి తగిలితే గోధుమ రంగుకి తిరుగుతాయి, ఇనుము తగిలితే సిరా అయిపోతాయి. మొదటిసారి నేను ఇనుప బాండీలో నానబెట్టాను, తెల్లారేసరికి అచ్చంగా నల్లసిరా, అందులోంచి వచ్చిన పిండి బూడిద రంగు. స్టీలు గిన్నెలే వాడండి, స్టీలు కత్తే వాడండి.

కిలో జీడి మీద ఉన్న గోధుమరంగు పొట్టు గీకేసి, చిన్న ముక్కలు కోసి, వెంటనే రెండు లీటర్ల నీళ్లలో వేయండి. ఆ నీళ్లలో ఒక చెంచా నిమ్మఉప్పు ముందే కలిపి ఉంచాలి, కోసిన ముక్క ఒక నిమిషం గాలికి ఉన్నా రంగు తిరుగుతుంది. రాత్రంతా నాననివ్వండి, మధ్యలో ఒకటి రెండుసార్లు నీళ్లు మార్చండి. ల్యాబుల్లో నిమ్మఉప్పు బదులు సోడియం మెటాబైసల్ఫైట్ వాడతారు, తెలుపు ఇంకా బాగా వస్తుంది గానీ దాని ఘాటు ఉబ్బసం ఉన్నవాళ్లకి మంచిది కాదు, ఇంట్లో వద్దనే అంటాను.

తర్వాత మిక్సీలో నీళ్లు బాగా పోసి నూరండి, చట్నీలా కాదు, మజ్జిగలా. పాత పంచె గుడ్డలో వడగట్టి గట్టిగా పిండండి. పిప్పిని మళ్లీ నీళ్లు పోసి ఇంకోసారి తిప్పి మళ్లీ పిండండి, రెండోసారి కూడా బాగానే వస్తుంది. ఆ నీళ్లన్నీ లోతైన గిన్నెలో నాలుగైదు గంటలు కదపకుండా ఉంచాలి, మే నెల ఎండల్లో అయితే ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే పులిసి వాసన పట్టుకుంటుంది. పైన తేటని మెల్లగా వంచేయండి. అడుగున గట్టిగా దిగిన తెల్లటి పిండి మీద పసుప్పచ్చగా మెత్తటి పొర ఒకటి ఉంటుంది, అందులో కొవ్వు, మాంసకృత్తులు ఎక్కువ, దాన్ని చెంచాతో గీకి తీసేయాలి. ఇక్కడ బద్ధకిస్తే ఫిల్మ్ మసకగా వచ్చి చిరుగుతుంది, తర్వాత ఎన్ని తిప్పలు పడ్డా బాగుపడదు. మళ్లీ మంచినీళ్లు పోసి కలిపి తేరనివ్వండి. నాకు మామూలుగా నాలుగు కడుగులు పడతాయి.

తడి పిండిని స్టీలు పళ్లెంలో పల్చగా పరిచి, మీద గుడ్డ కప్పి, నీడలో గాలికి ఆరబెట్టండి. ఓవెన్‌లో పెట్టొద్దు, తడి పిండికి వేడి తగిలితే అక్కడికక్కడే ఉడికి గడ్డలు కడుతుంది. ఆరాక పొడి చేసి జల్లించండి. కిలో జీడికి నాకు 120 నుంచి 150 గ్రాముల పిండి దక్కుతోంది. వచ్చింది పిండేనా అని అనుమానం ఉంటే చిటికెడు నీళ్లలో కలిపి ఒక చుక్క టింక్చర్ అయోడిన్ వేయండి, నీలి నలుపు రంగు రావాలి.

ఫిల్మ్ పోయడం

కొలతలు రాసుకోండి: జీడి పిండి 5 గ్రాములు, నీళ్లు 100 మిల్లీలీటర్లు, గ్లిజరిన్ 1.5 గ్రాములు, తెల్ల వెనిగర్ ఒక చెంచా. గ్లిజరిన్ మెడికల్ షాపులో దొరుకుతుంది, నీళ్ల కన్నా బరువు కాబట్టి ఒకటిన్నర గ్రామంటే సుమారు 1.2 మిల్లీలీటర్లు, సూది తీసేసిన సిరంజీతో కొలవండి, చెంచా లెక్క పనికిరాదు. పిండికి నగల త్రాసు లాంటి చిన్న త్రాసు ఉంటే మంచిది. ఈ పనిలో కంటి కొలత నమ్ముకుంటే ఒకసారి వచ్చింది రెండోసారి రాదు, ఎందుకు రాలేదో కూడా తెలియదు.

అన్నిటినీ చల్లటి నీళ్లలోనే గడ్డలు లేకుండా కలిపి, ఆ గిన్నెని మరుగుతున్న నీళ్ల గిన్నెలో పెట్టి మెల్లగా కలుపుతూ ఉండండి. నేరుగా మంట మీద పెడితే అడుగంటుతుంది. 70 డిగ్రీలు దాటేసరికి పాలలాంటి నీళ్లు గంజిలా చిక్కబడి అద్దంలా మెరుపు వస్తుంది. అంటే పిండి గింజలు పగిలి లోపలి పోగులు నీళ్లలోకి వచ్చాయన్నమాట. పిండిలో రెండు రకాల గొలుసులు ఉంటాయి, కొమ్మలు లేని పొడుగుది అమైలోజ్, కొమ్మలున్నది అమైలోపెక్టిన్. ఫిల్మ్‌కి బలం ఇచ్చేది మొదటిది. వెనిగర్ ఆ కొమ్మల్ని కొంచెం కొంచెం తెంపి జావని సాఫీగా చేస్తుంది, అందుకే ఒక చెంచా, అంతకు మించి పోస్తే మొత్తం గొలుసులే తెగి ఫిల్మ్ పెళుసవుతుంది. చిక్కబడగానే దించేయకండి, ఇంకో పది నిమిషాలు అదే వేడిలో ఉండాలి. గిలక్కొట్టకండి, బుడగలు పడతాయి, పడ్డ ప్రతి బుడగా ఎండాక ఒక చిల్లు. దించాక ఐదు నిమిషాలు ఊరుకుని టీ జల్లెడలో వడగట్టండి.

పోయడానికి అడుగు చదునుగా ఉన్న నాన్‌స్టిక్ పెనం బాగుంటుంది. మామూలు స్టీలు పళ్లెంలో పోస్తే ఒలవలేక పట్టకారుతో ముక్కలు పీకాల్సి వస్తుంది. పెనం సమంగా కూర్చుందో లేదో ముందు కాసిని నీళ్లు పోసి చూసుకోండి, ఒక వైపుకి పారితే కింద కాగితం మడిచి పెట్టండి. 25 సెంటీమీటర్ల వెడల్పు గుండ్రటి పెనంలో ఈ 100 మిల్లీలీటర్లు రెండు మిల్లీమీటర్ల లోతు నిలుస్తాయి, నీళ్లన్నీ పోయాక మిగిలేది ఆరున్నర గ్రాముల పదార్థం, అంటే దాదాపు 100 మైక్రాన్ల మందం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). బజారులో మామూలు ప్లాస్టిక్ సంచికి ఇప్పుడు ప్రభుత్వం పెట్టిన కనీస మందం 120 మైక్రాన్లు, దాన్ని చేత్తో పట్టి చూస్తే మనది ఎలా ఉంటుందో ఊహకి అందుతుంది. పెద్ద పెనం అయితే కొలతలన్నీ అదే లెక్కన పెంచండి.

ఆరడానికి ఒకటిన్నర నుంచి రెండు రోజులు. నేరుగా ఎండలో వద్దు, ఫ్యాన్ కింద వద్దు, రెండిట్లోనూ పైన ముందు ఎండి అంచులు లేచి చీలుతుంది. గ్లిజరిన్ తియ్యగా ఉంటుంది కాబట్టి చీమలు వస్తాయి, పెనాన్ని నీళ్లు పోసిన పళ్లెంలో ఒక గిన్నె మీద ఎత్తి పెట్టండి, మా నాయనమ్మ బెల్లం గిన్నెకి చేసినట్టు. ఎండిందని తెలిసేదెలాగంటే, అంచు దగ్గర గోరు పెడితే దానంతట అదే లేస్తుంది. చేతికి అంటుకుంటే ఇంకో పూట ఆగండి. చిటపటమంటుంటే ఎక్కువ ఎండింది, రాత్రి వరండాలో వదిలేస్తే తేమ పీల్చుకుని దారికొస్తుంది.

మొదటిసారే బాగా వస్తే మీ అదృష్టం. రాకపోతే ఇవి చూసుకోండి. పెళుసుగా ఉంటే గ్లిజరిన్ చాలలేదు, పిండి బరువులో 30 శాతం వేసవికి సరిపోతుంది, 20కి తగ్గితే మళ్లీ పూతరేకే. జిగటగా ఉంటే గ్లిజరిన్ ఎక్కువైంది, లేదా వానాకాలం, ఎందుకంటే గ్లిజరిన్ గాలిలోంచి తేమ లాగుతుంది. ఆగస్టులో చేసిన ఫిల్మ్, ఏప్రిల్‌లో చేసిన ఫిల్మ్ ఒకే కొలతతో రెండు వేరు వస్తువుల్లా ఉంటాయి, అందుకని జూన్ దాటాక నేను 25 శాతానికి దిగుతాను. తెల్లచుక్కలుంటే పిండి ఉడకలేదు. మసకగా జిడ్డుగా ఉంటే ఆ పసుపు పొర సరిగా తీయలేదు. మూడో రోజు బూజు కనిపిస్తే ఈసారి జావ దించాక రెండు చుక్కలు లవంగ నూనె కలపండి, బూజుని బాగానే ఆపుతుంది, ఇల్లంతా పంటి డాక్టరు గదిలా వాసన వస్తుంది, అది భరించాలి.

ఇంకోటి, దీనికి మందు లేదు. మొదటి వారం మెత్తగా ఉన్న ఫిల్మ్ నెలా రెండు నెలలకి గట్టిపడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం తెల్లారేసరికి పుల్లలు పుల్లలుగా అవుతుంది కదా, అదే కథ, విడిపోయిన గొలుసులు మళ్లీ వరసలో చేరి బిగుసుకుంటాయి. గ్లిజరిన్ దాన్ని ఆలస్యం చేస్తుంది, ఆపలేదు. కాబట్టి ఏడాది దాచుకునే వస్తువు దీంతో చేయాలనుకోకండి.

నీళ్లు, అసలు తలనొప్పి

ఈ ఫిల్మ్‌ని నీళ్లలో వేస్తే కాసేపటికే ఉబ్బి జెల్లీలా అవుతుంది. సహజమే, పిండికి నీళ్లంటే ప్రాణం. వడ్రంగులు వాడే స్పిరిట్ పాలిష్, అంటే స్పిరిట్‌లో కరిగించిన లక్క, రెండు వైపులా రెండేసి పూతలు వేస్తే చాలాసేపు ఓర్చుకుంటుంది. లక్క కూడా పురుగు ఇచ్చేదే, మట్టిలో కలిసేదే, అందుకని నాకు అది నచ్చింది. హార్డ్‌వేర్ షాపులో అడిగేటప్పుడు లక్కతో చేసిందేనా అని రూఢి చేసుకోండి, పాలిష్ పేరుతో పాలియురేతేన్ అనే ప్లాస్టిక్ పూత అంటగడితే చేసిన పనంతా వృథా. స్పిరిట్ భగ్గుమంటుంది, పొయ్యి ఉన్న గదిలో తీయకండి. తేనెమైనం కరిగించి రాయొచ్చు కానీ మడత పడితే పొలుసులు లేస్తుంది. ఏది రాసినా నీళ్లు లోపలికి పోవడం ఆలస్యమవుతుంది, అంతే. పాలు, పెరుగు, కూర వేసుకునే సంచి దీంతో రాదు. తినే వస్తువులకి తగిలేట్టు అసలు వాడకండి, మనం చేసింది అందుకు పరీక్ష చేసినది కాదు.

మరి దేనికి పనికొస్తుంది? త్వరగా మట్టిలో కలవడమే మేలు అయిన చోట. నాకు తట్టిన వాటిలో బాగా కుదిరింది నారు కప్పు. కడియం నర్సరీల్లో మొక్క కొంటే నల్ల ప్లాస్టిక్ సంచిలో ఇస్తారు, ఇంటికొచ్చి బ్లేడుతో కోసి పారేస్తాం. దాని బదులు మొక్కతోపాటే పాతేసే కప్పు. కొబ్బరి పీచు పొట్టు 100 గ్రాములు (నానబెట్టి ఉప్పు పోయేలా రెండుసార్లు కడిగి పిండింది), అందులో పొడుగు పీచు కూడా కొంచెం ఉండాలి, గోడకి పట్టు అదే. జీడి పిండి 40 గ్రాములు అర లీటరు నీళ్లలో 8 గ్రాముల గ్లిజరిన్‌తో పైన చెప్పినట్టే జావ కాచి, వేడిగా ఉండగానే పొట్టులో కలిపి పిడచలా చేయండి. ఒక స్టీలు గ్లాసు లోపల నూనె రాసి ఈ ముద్ద వేసి, అంతకన్నా చిన్న గ్లాసుకి బయట నూనె రాసి లోపలికి గట్టిగా నొక్కండి. మధ్యలో అర సెంటీమీటరు మందం గోడ మిగలాలి. చిన్న గ్లాసుని తిప్పుతూ తీసేసి ఒక పూట ఎండలో ఉంచితే కప్పు కొంచెం కుదించుకుని పెద్ద గ్లాసులోంచి తనంతట తనే వదిలేస్తుంది, తర్వాత ఇంకో రెండు రోజులు ఎండబెట్టండి. దీనికి ఎండ మంచిదే, పీచు ఉంది కాబట్టి చీలదు. లోపల వైపు మాత్రం ఒక పూత లక్క. ఇందులో వేసిన టమాటా నారు పాతే వయసుకి వచ్చేదాకా కప్పు నిలబడింది, మధ్యలో రెండు కప్పులు అడుగు ఊడాయి, నీళ్లు మరీ ఎక్కువ పోశాను.

రొయ్య తొక్కలు, కాలేజీ ల్యాబ్ ఉన్నవాళ్లకి మాత్రమే

దేశంలో సాగు రొయ్యల్లో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌దే, భీమవరం చుట్టుపక్కల షెడ్లలో తీసిన తలలు, తొక్కలు టన్నుల్లో ఉంటాయి. తొక్కలో కైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది, దాన్నుంచి వచ్చే కైటోసాన్‌తో చేసిన ఫిల్మ్ జీడి ఫిల్మ్ కన్నా బలం, నీళ్లకి కూడా మెరుగ్గా తట్టుకుంటుంది. కానీ దారి ప్రమాదకరమైనది. కడిగి ఎండబెట్టి పొడి చేసిన తొక్కని ముందు నాలుగు శాతం హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో సున్నం కరిగేదాకా (బుసబుసా పొంగుతుంది, పెద్ద బీకరు తీసుకోండి), తర్వాత నాలుగు శాతం కాస్టిక్‌లో 80 డిగ్రీల దగ్గర రెండు గంటలు మాంసకృత్తులు పోయేదాకా, ఆఖర్న కైటిన్ కైటోసాన్‌గా మారడానికి 50 శాతం కాస్టిక్‌లో 100 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచాలి. ప్రతి దశ తర్వాతా, కడిగిన నీళ్లు లిట్మస్ కాగితం రంగు మార్చకుండా ఉండేదాకా కడగాలి. వచ్చిన కైటోసాన్ 2 గ్రాములు ఒక శాతం ఎసిటిక్ ఆసిడ్ 100 మిల్లీలీటర్లలో రాత్రంతా కలిపి, వడగట్టి, కొంచెం గ్లిజరిన్ వేసి పోయడమే. ఎండాక ఆ ఫిల్మ్‌ని పల్చటి కాస్టిక్‌లో కొద్ది నిమిషాలు ముంచి కడిగితే ఇక నీళ్లలో కరగదు.

50 శాతం కాస్టిక్ చర్మాన్ని తినేస్తుంది, కంట్లో పడితే చూపు పోతుంది. రక్షణ కళ్లద్దాలు, గ్లవ్స్, పక్కన లెక్చరర్ లేకుండా చేయకండి, కాస్టిక్‌ని నీళ్లలో కొంచెం కొంచెంగా వేయాలి గానీ కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు, అల్యూమినియం గిన్నె దగ్గరికి కూడా రానివ్వకండి. రొయ్యలు పడనివాళ్లు ఈ ప్రాజెక్ట్ ఎంచుకోవద్దు. ఆసిడ్ నీళ్లు, కాస్టిక్ నీళ్లు విడివిడిగా పట్టి, చివర్లో మెల్లగా ఒకదానితో ఒకటి సరిచేశాకే పారబోయాలి. ఈ కడుగు నీళ్ల లెక్క ప్రాజెక్ట్ రిపోర్టులో రాయండి, ఎన్ని గ్రాముల ఫిల్మ్‌కి ఎన్ని లీటర్లు పట్టాయో. చాలామంది రాయరు, రాస్తే ‘పర్యావరణహితం’ అన్న మాట అంత తేలిగ్గా నోటికి రాదు.

మట్టిలో కలుస్తుందా అనే ప్రశ్న

బయోప్లాస్టిక్ అనే ఒక్క మాటలో రెండు వేరు సంగతులు కలిసిపోయాయి. ఒకటి, దేంతో చేశారు. రెండోది, చివరికి ఏమవుతుంది. బ్రెజిల్‌లో బ్రాస్కెమ్ అనే కంపెనీ 2010 నుంచి చెరకు ఇథనాల్‌తో పాలిథీన్ చేస్తోంది, పుట్టుక చెరకే అయినా అది మామూలు పాలిథీనే, మట్టిలో కలవదు. పీబీఏటీ అనే ఇంకో ప్లాస్టిక్ మామూలుగా పెట్రోలియం నుంచే వస్తుంది, కానీ కంపోస్ట్‌లో కరుగుతుంది. పీఎల్ఏ అనే ప్లాస్టిక్ మొక్క నుంచే వస్తుంది, కంపోస్ట్ కూడా అవుతుంది, కాకపోతే 58 డిగ్రీల వేడి ఉండే పెద్ద కంపోస్ట్ ప్లాంటులో, మీ పెరటి గుంటలో వేస్తే ఏళ్ల తరబడి అలాగే పడి ఉండొచ్చు. కాబట్టి ఎవరైనా సంచి చూపించి ‘ఇది బయో’ అంటే రెండు ప్రశ్నలూ అడగండి.

మనదాన్ని మీరే పరీక్షించుకోవచ్చు. మూడేసి సెంటీమీటర్ల ముక్కలు కోసి, తూకం వేసి, ఉల్లిపాయల వల సంచిలో పెట్టి, పశువుల ఎరువు కలిపిన మట్టి కుండీలో జానెడు లోతున పాతండి, తడి ఆరకుండా చూడండి. వారానికోసారి తీసి చూసి ఫోటో తీయండి. పక్కనే ఒక మామూలు పాలిథీన్ ముక్క కూడా పాతండి, పోల్చి చూడటానికి. లక్క పూయని నా ముక్కలు మూడో వారానికి వలలో వెతికినా దొరకలేదు, పూసినవి అప్పటికి అంచులు మాత్రమే చిరిగాయి. ఎండాకాలం కుండీ ఎండిపోతే ఇదంతా నత్తనడకే.

అమ్ముదామనే ఆలోచన వస్తే మాత్రం ఇంటి పరీక్షలు చాలవు. 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల ప్రకారం కంపోస్ట్ అయ్యే ప్లాస్టిక్ చేసేవాళ్లు, అమ్మేవాళ్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ తీసుకోవాలి. దానికి ఐఎస్/ఐఎస్ఓ 17088 అనే (భారత, అంతర్జాతీయ) ప్రమాణం ఉంది, ముక్క 12 వారాల్లో చూర్ణమైపోవాలి, రెండు మిల్లీమీటర్ల జల్లెడ మీద పది శాతానికి మించి మిగలకూడదు, 180 రోజుల్లో అందులోని కార్బన్‌లో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి, మిగిలిన ఎరువులో మొక్క మామూలుగా మొలవాలి. మందం నిబంధన మాత్రం కంపోస్ట్ సంచులకి వర్తించదు. ఆ సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా మీ నారు కప్పు మీద ఏ పచ్చ ఆకు బొమ్మా వేయకండి.

మిగిలిన జీడి పిండిని గాలి చొరని డబ్బాలో, రెండు లవంగాలు వేసి దాచుకుంటే మళ్లీ ఆవకాయ రోజులదాకా ఉంటుంది. డబ్బా మీద ‘పిండి’ అని మాత్రం రాయకండి. మా ఇంట్లో అలాగే రాసి పెడితే దాంతో అట్లు పోయబోయారు, వాసన తేడాగా ఉందని ఆగారు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు ఎర్ర పెన్నుతో ‘తినేది కాదు’ అని, కింద తేదీ, కాయ రకం, ఎన్ని కడుగులు కడిగానో రాసి, పాత పెయింట్ డబ్బాల పక్కన పెడుతున్నాను.